పెద్ద చేపల పడవకు మారే ముందు

పొడవు, వెడల్పు, లోతు మూడూ 20 శాతం చొప్పున పెరిగితే పడవ ఘనపరిమాణం దాదాపు 73 శాతం పెరుగుతుంది కాబట్టి, ఇంజిన్ సామర్థ్యాన్నీ ఇంధన ఖర్చునూ పొడవును బట్టి కాక, వలలు, మంచు, మనుషులతో నిండిన బరువును బట్టి అంచనా వేసుకోవాలి. మీ రేవులో పోటు తీసినప్పుడు మిగిలే నీటి లోతు ఆ పడవకు సరిపోతుందో లేదో ముందే కొలిచి చూడండి. చాలామంది మరచేది ఇదే.

వాడిన ఫైబర్ పడవైతే ఇంజిన్ బిగించిన వెనుక పలకను చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి చోట ఖంగుమనే మోత, లోపలి చెక్క నాని కుళ్లిన చోట మొద్దుబారిపోతుంది. ఇంజిన్ ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే అందులో నీరు చేరినట్టే. కొత్త రంగును మాత్రం నమ్మకండి.