ఆరేళ్ళ పిల్లలకి రాత్రిపూట పళ్ళు తోమడం ఎలా?

పొద్దున్న హడావిడిలో ఎలా తోమినా, రాత్రి తోమిందే లెక్క. నిద్రలో నోట్లో లాలాజలం బాగా తగ్గిపోతుంది. వైజాగ్ బీచ్ రోడ్డులో తిన్న పీచుమిఠాయి నోట్లోనే కరిగిపోతుంది గానీ, బిస్కెట్టు ముద్ద, జీళ్ళు, మాడుగుల హల్వా అలా పోవు. పంటి గాడుల్లో ఇరుక్కుని తెల్లవార్లూ సూక్ష్మజీవులకి మేతవుతాయి. అవి వదిలే ఆమ్లమే పన్నుని పుచ్చిపోయేలా చేస్తుంది.

చిన్న తలకాయ ఉన్న మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, సెల్‌ఫోన్ లైటు చాలు. పేస్టు మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత. ట్యూబు మీద బొమ్మ చూసి కొనకండి, కొన్ని పిల్లల పేస్టుల్లో ఫ్లోరైడే ఉండదు. వెనక ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల్లో వెయ్యి వంతులు) దరిదాపుల్లో రాసి ఉందో లేదో చూడండి. వేపపుల్ల, బొగ్గుపొడి గొప్పల్ని తాతల దగ్గరే ఉంచండి. తాతలు ఇన్ని బిస్కెట్లు తినలేదు.

అద్దం ముందు నిలబెట్టి తోమడం దండగ. మీరు నేలమీద కూర్చుని, పిల్ల తల ఒళ్ళో పెట్టుకోండి. పై దవడ కనిపించేది అలాగే. చిగురు అంచున చిన్న చిన్న సున్నాలు చుడుతూ రెండు నిమిషాలు తోమితే మిగతా పళ్ళ పని అయిపోతుంది.

అందరూ వదిలేసేది ఒక్క పన్నుని. ఆరేళ్ళప్పుడు పాల దవడపళ్ళ వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, చప్పుడు లేకుండా ఒక్కో మూలా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. పాలపన్నే కదా, ఊడిపోతుందిలే అనుకుంటారు. ఊడదు, జీవితాంతం ఉండాల్సింది అదే. పక్కపళ్ళ ఎత్తుకి రావడానికి ఏడాది పైనే పడుతుంది. అందాకా పల్లంలో ఉంటుంది కాబట్టి, మామూలుగా ముందుకీ వెనక్కీ తోమితే బ్రష్ దాని మీదుగా దాటిపోతుంది. దాని గాడులు లోతు, పైపొర ఇంకా పూర్తిగా గట్టిపడదు, సగం మీద చిగురు కప్పుకుని ఉంటుంది. పుచ్చడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే దీన్ని విడిగా తోమాలి. నోరు పెద్దగా తెరిపించకండి, బుగ్గ బిగుసుకుని బ్రష్ దూరదు. సగం మూయించి, పెదవి మూల నుంచి బ్రష్‌ని అడ్డంగా పెట్టి, బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకి పది పదిహేనుసార్లు ఆడించండి. నాలుగు మూలలా అంతే. చిగురు నుంచి కాస్త రక్తం కనిపిస్తే భయపడి మానేయకండి, అక్కడ పాచి పేరుకుందని అర్థం. నొక్కడం తగ్గించండి, తోమడం కాదు. వారం దాటినా రక్తం ఆగకపోతే డాక్టరుకి చూపించండి.

తోమాక లైటు వేసి చూడండి. సుద్దముక్కలా తెల్ల మచ్చ ఉంటే అది పుచ్చుకి మొదలు, ఇంకా వెనక్కి మళ్ళించొచ్చు. గుంట పడితే మాత్రం ఫిల్లింగే. పన్ను పూర్తిగా పైకి రాగానే గాడులకి సీలెంట్ (వాటిని మూసేసే పూత) వేయించండి.

చివర్లో నురగ ఉమ్మించండి, నీళ్ళతో పుక్కిలించనివ్వకండి, ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. ఆ తర్వాత పాలు కూడా వద్దు. బ్రష్‌కి మూత పెట్టకండి, వైజాగ్ ఉక్కకి అది ఆరనే ఆరదు.