గర్భిణిగా ఉన్నప్పుడు కఠినమైన డైట్ ప్లాన్ పాటించాలనుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

బరువు తగ్గడానికో, జీర్ణసమస్యల కోసమో, మరే కారణంతోనో ఏదో ఒక డైట్ ప్లాన్ పాటిస్తున్న స్త్రీకి గర్భం నిలిచిందని తెలియగానే, దాన్ని అలాగే కొనసాగించాలా, వెంటనే మానేయాలా అన్న సందేహం వస్తుంది. ఈ రెండింటిలో ఏదీ అందరికీ సరిపోయే జవాబు కాదు. ఆ ప్లాన్ ఎవరు రాసిచ్చారు, ఎందుకు రాసిచ్చారు, అందులో మానేయమన్న పదార్థం ఇంతకాలం శరీరానికి ఏమిచ్చింది, ఇప్పుడు ఆ లోటు దేనితో తీరుతుంది అన్న ప్రశ్నలకు స్పష్టమైన సమాధానాలు దొరికాకే నిర్ణయం తీసుకోవాలి. ముఖ్యంగా చివరి ప్రశ్నకు సమాధానం లేని ప్లాన్‌ను, అది ఎంతమందికి మేలు చేసిందని చెప్పినా, గర్భం సమయంలో పాటించకూడదు.

మానకూడని పథ్యాల గురించి ముందుగా చెప్పాలి. వట్టి మనిషివి కాదు, అన్నీ తినాలని ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే ఒత్తిడి కొందరి విషయంలో నిజంగా హాని చేస్తుంది. గోధుమలు, బార్లీ వంటివాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారు గ్లూటెన్ లేని ఆహారాన్ని గర్భంలోనూ తప్పనిసరిగా కొనసాగించాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవారి విషయంలో పథ్యం ఇంకా కీలకం. ప్రొటీన్లలో ఉండే, ఈ జబ్బులో శరీరం సరిగా విడగొట్టలేని ఫినైల్‌అలనిన్ అనే పదార్థం తల్లి రక్తంలో పెరిగితే అది మావిని దాటి వెళ్లి బిడ్డ మెదడు ఎదుగుదలనూ, గుండె నిర్మాణాన్నీ దెబ్బతీస్తుంది కాబట్టి, దాని స్థాయి లీటరుకు 120 నుంచి 360 మైక్రోమోల్స్ మధ్య ఉండేలా గర్భధారణకు ముందునుంచే చూసుకోవాలి. ఇటువంటి పథ్యాలను నిపుణుల పర్యవేక్షణలోనే మార్చుకోవాలి. పుట్టబోయే బిడ్డకు అలర్జీలు రాకుండా ఉంటాయన్న ఆశతో, తనకు పడే పాలు, గుడ్లు, పల్లీల వంటివి తల్లి మానేయడం మాత్రం అనవసరం. దానివల్ల ప్రయోజనం ఉన్నట్టు ఆధారాలు లేవు.

బరువు తగ్గడాన్ని గర్భిణి తన లక్ష్యంగా పెట్టుకోకూడదు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, గర్భానికి ముందు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సంఖ్య) 18.5 నుంచి 24.9 మధ్య ఉన్నవారు మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోల వరకు పెరగాలి. 30, ఆపైన ఉన్నవారికి కూడా 5 నుంచి 9 కిలోల పెరుగుదలనే సూచించారు. అలాగని ఇద్దరికి సరిపడా తినాలన్న మాటా సరికాదు. మొదటి మూడు నెలల్లో అదనపు కేలరీల అవసరం దాదాపు ఉండదు. తర్వాతి మూడు నెలల్లో రోజుకు సుమారు 340, చివరి మూడు నెలల్లో సుమారు 450 కేలరీలు ఎక్కువ కావాలి. బరువు ఎక్కువగా ఉందని దిగులుపడేవారు ఆహారాన్ని కోసేయడం కంటే, పెరుగుదల ఎంతలో ఉండాలో వైద్యులతో ముందే మాట్లాడి పెట్టుకోవడం మేలు.

ఉపవాస పద్ధతులు, పిండిపదార్థాలను బాగా తగ్గించే కీటో తరహా ప్లాన్ల విషయంలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరం. రాత్రి ఏడింటికి భోజనం ముగించి, మర్నాడు పదకొండింటి వరకు నీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దని రాసి ఉన్న ఒక చార్టును ఊహించుకోండి. మామూలు మనిషి శరీరం ఆ పదహారు గంటల విరామాన్ని నెమ్మదిగా సర్దుకుంటుంది. గర్భిణి శరీరంలో, అందులోనూ చివరి నెలల్లో, బిడ్డ గ్లూకోజ్‌ను నిరంతరం తీసుకుంటూనే ఉండటం వల్ల తల్లి రక్తంలో చక్కెర త్వరగా పడిపోయి, కొవ్వు కరగడం మొదలై, దాన్నుంచి పుట్టే కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు వేగంగా పెరుగుతాయి. ఈ కీటోన్లు మావిని దాటి బిడ్డను చేరతాయి. అదే రోజు వాంతులు పట్టుకుంటే, మధుమేహం లేని స్త్రీలో కూడా రక్తం ఆమ్లపూరితమయ్యే కీటోఅసిడోసిస్ అనే అత్యవసర పరిస్థితి తలెత్తవచ్చు. అందుకే గర్భిణికి రోజుకు కనీసం 175 గ్రాముల పిండిపదార్థాలు అవసరమని పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. గర్భంలో మధుమేహం వచ్చినవారు కూడా పిండిపదార్థాలను పూర్తిగా మానేయకూడదు. వాటి రకాన్నీ, పరిమాణాన్నీ ఎంచుకుని రోజంతా పంచుకోవాలి, అదీ నిపుణులు చెప్పిన లెక్క ప్రకారమే.

ధాన్యాలను మానేసే ప్లాన్లలో పైకి కనిపించని నష్టం మరొకటి ఉంది. చాలా దేశాల్లో పిండికి ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. ఆ పిండి మానేస్తే ఆ విటమిన్ కూడా తగ్గిపోతుంది. బిడ్డ మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీనాళం గర్భధారణ జరిగిన 28వ రోజుకల్లా మూసుకుంటుంది, అంటే చాలామందికి గర్భం సంగతి రూఢి అయ్యే సమయానికే ఆ పని దాదాపు ముగుస్తుంది. పిల్లల కోసం ప్రయత్నించేవారు ఏ డైట్‌లో ఉన్నా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌ను ముందునుంచే తీసుకోవాలని చెప్పడం ఇందుకే.

మాంసం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనివారికి బీ12 ప్రత్యేకంగా అందాలి; మొక్కల ఆహారంతో ఆ లోటు తీరదు. ఇనుము, అయోడిన్, కాల్షియం కూడా వైద్యులతో లెక్క చూసుకోవలసినవే. అయితే లోటు పూడ్చుకునే తొందరలో రెండు మూడు రకాల మాత్రలు ఒకేసారి వేసుకోకండి. సీసాల మీది లేబుళ్లను పక్కపక్కన పెట్టి చదివితే ఒకే విటమిన్ అన్నిటిలోనూ కనిపించవచ్చు. వీటిలో రెటినాల్ రూపంలో ఉండే విటమిన్ ఎ రోజుకు 3,000 మైక్రోగ్రాములు దాటితే బిడ్డలో అవయవ లోపాలకు కారణం కావచ్చు. కాలేయపు మాంసంలో కూడా ఇది చాలా ఎక్కువగా ఉంటుంది.

డైట్‌తో పాటు వాడుతున్న మందుల సంగతి దాచవద్దు. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్‌ను గర్భధారణకు కనీసం రెండు నెలల ముందే ఆపాలని దాని తయారీదారుల సూచనల్లోనే ఉంది. శరీరాన్ని శుభ్రం చేస్తాయని అమ్మే డీటాక్స్ టీలు, విరేచనాల పొడులు పూర్తిగా మానుకోవలసినవే. కాళ్ల వాపు కనిపించగానే ఉప్పు మానేయడం వల్ల, గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియా ఆగదు. వాపుతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆలస్యం చేయకుండా బీపీ చూపించుకోవాలి.

డాక్టరును కలిసే ముందు మూడు రోజుల పాటు తిన్నదంతా, తిన్న వేళతో సహా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. బాగానే తింటున్నానన్న మాట కంటే ఆ కాగితమే వారికి ఎక్కువ చెబుతుంది. హీమోగ్లోబిన్‌తో పాటు, శరీరంలోని ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్, బీ12 చూడాలా అని అడగండి. గతంలో ఆహారానికి సంబంధించిన మానసిక ఇబ్బంది ఉండి, ఇప్పుడు బరువు పెరుగుతుంటే భయం వేస్తున్నా, తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తున్నా, అది సిగ్గుపడవలసిన విషయం కానే కాదు. చికిత్స ఉన్న సమస్య అది. మొదటి సందర్శనలోనే చెప్పేస్తే సాయం త్వరగా అందుతుంది.

ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, మూత్రం బాగా ముదురు రంగులో రావడం, కళ్లు తిరిగి పడిపోవడం, ఊపిరి వేగంగా ఆడటం, మాటల్లో తికమక, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి కనిపిస్తే మర్నాటి వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ అడగకముందే ఏ డైట్‌లో ఉన్నారో, చివరిసారి ఎప్పుడు ఏమి తిన్నారో చెప్పండి. ఆకలి వల్ల వచ్చే కీటోఅసిడోసిస్‌లో రక్తంలో చక్కెర మామూలుగానో తక్కువగానో ఉండవచ్చు కాబట్టి, చక్కెర బాగానే ఉందన్నా కీటోన్ల పరీక్ష కూడా చేయమని అడగండి.