డాక్టరు వచ్చేలోపు గేదెను ఎలా సిద్ధం చేయాలి?

గేదెకు బాగోలేదని పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేస్తారు. వ్యాను వచ్చేలోపు నలుగురు పోగై తాళ్లు, కర్రలు, అరుపులు. డాక్టరు దిగేసరికి గేదె రొప్పుతుంటుంది. పెనుగులాడిన పశువుకు ఒంటి వేడీ నాడీ రెండూ పెరుగుతాయి. అది జ్వరమో, మనం పెట్టిన కంగారో ఆయన ఎలా తేల్చాలి?

కావాల్సినవి: నూలు పలుపు, గుప్పెడు తవుడు, నీడ. నైలాన్ తాడు వద్దంటే వద్దు. గేదెది నల్లతోలు, చెమట పట్టడం తక్కువ. ఎండలో కట్టేస్తే ఒళ్లు కాగిపోతుంది. మామూలుగా 101 డిగ్రీలకు అటూఇటూగా ఉండాల్సింది థర్మామీటరులో ఎక్కువ చూపిస్తుంది.

ముందు పది నిమిషాలు దూరంగా కూర్చుని చూడండి. నెమరు వేస్తోందా? వెనక్కాలితో పొట్టమీద తన్నుకుంటోందా? పళ్లు కొరుకుతోందా? చివరి రెండూ నొప్పికి గుర్తులు. జనం మీద పడితే నెమరు ఆపేస్తుంది, నొప్పి దాచుకుంటుంది. చూసిందంతా డాక్టరుకు చెప్పండి. చొంగ కారుస్తూ మింగలేకపోతుంటే మాత్రం నోట్లో చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క కరిచి ఉండొచ్చు.

ఇక దగ్గరికి వెళ్లడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

గేదె కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక తప్ప. మనవాళ్లు ఆ వెనకనుంచే వచ్చి పిర్ర మీద చరుస్తారు. తన్నదా మరి? పక్కన నిలబడ్డా భరోసా లేదు. కాలు ముందుకు తెచ్చి పక్కకు కూడా విసురుతుంది.

భుజం వైపు ఏటవాలుగా, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళ్లండి. తల ఎత్తి చెవులు మీవైపు నిక్కించిందా, అక్కడే ఆగండి. చెవులు సడలాక ఇంకో అడుగు. మొదటి తాకుడు భుజం మీదే, అరచెయ్యి మొత్తం ఆనించి. వేళ్ల కొసలతో తాకితే ఈగ వాలిందనుకుని తోలు జలదరిస్తుంది. చెయ్యి తీయకుండా వెన్ను మీదుగా తోకదాకా పోనివ్వండి. మధ్యలో చెయ్యి తీశారా, మళ్లీ భుజం నుంచే. సూది వేసే చోటికి డాక్టరు చెయ్యి కూడా ఈ దారినే రావాలి.

మూడేళ్ల కిందట మా ముర్రా గేదెకు సూది వేయడానికి వచ్చినాయన నేరుగా వెనకనుంచి వచ్చి పొడిచాడు. సూది వంగిపోయింది. తర్వాత వారం పాటు పాక దగ్గర తెల్లచొక్కా కనిపిస్తే గేదె చేపేది కాదు. భయపడితే పాలు దింపే హార్మోన్ పనిచేయదు మరి.

ముకుతాడు పట్టి లాగితే సరిపోదా అంటాడు మా బావ. నిలబడుతుంది, కాదనను. కానీ ముక్కు నొప్పితో బిగుసుకుపోయిన గేదెకు అసలు నొప్పి ఎక్కడుందో డాక్టరు ఎక్కడ నొక్కి తెలుసుకోవాలి?

దాని దూడనో, జత గేదెనో కనిపించేంత దూరంలో కట్టండి. ఒంటరిగా నిలబెడితే బెదురుతుంది. తల దగ్గర ఒక్కరే ఉండాలి, అదీ రోజూ పాలు పితికేవాళ్లే. మా ఇంట్లో అది మా అత్తమ్మ. మా బావ ఆ కాసేపు రోడ్డు మీద నిలబడి వ్యానుకు దారి చూపిస్తాడు.