జావాలో బైనరీ సెర్చ్ ట్రీ: ఇన్సర్ట్ నుంచి డిలీట్ దాకా

బైనరీ సెర్చ్ ట్రీలో ప్రతి నోడ్‌కీ ఎడమవైపు దానికంటే చిన్న కీలు, కుడివైపు పెద్ద కీలు ఉంటాయి. దీనికి ఇన్సర్ట్ వరకు అందరూ బాగానే రాస్తారు, చిక్కంతా డిలీట్ దగ్గరే వస్తుంది. రెండింటికీ పనికొచ్చే పద్ధతి ఒకటుంది: ట్రీని మార్చే ప్రతి మెథడూ తాను పనిచేసిన సబ్‌ట్రీ (ఒక నోడ్, దాని కిందవన్నీ) రూట్‌ని, అంటే అన్నిటికంటే పైనున్న నోడ్‌ని రిటర్న్ చేయాలి, పిలిచిన చోట దాన్ని మళ్లీ తగిలించాలి. ఇది మొదటి నుంచీ పాటిస్తే డిలీట్ పదిహేను ఇరవై లైన్లలో అయిపోతుంది.

ముందు క్లాసులు. బయటి ట్రీ క్లాసులో రూట్, సైజ్ ఉంటాయి. లోపలి నోడ్ క్లాసులో కీ, లెఫ్ట్, రైట్. నోడ్‌ని ప్రైవేట్ స్టాటిక్‌గా పెట్టండి. నోడ్ బయటి కోడ్ చేతికి చిక్కితే ఎవరైనా లెఫ్ట్‌ని మార్చేయగలరు, ఇక ఆర్డర్‌కి మీరు పూచీ పడలేరు. స్టాటిక్ అన్నాక బయటి క్లాస్ టైప్ పరామీటర్ లోపల పనిచేయదు కాబట్టి నోడ్‌కి విడిగా ఒకటి ఇవ్వాలి.

కీలను పోల్చడానికి కంపేర్‌టు వాడండి. మీరే కంపారేటర్ రాస్తుంటే ఒకదాంట్లోంచి ఒకటి తీసేసే పద్ధతి వద్దు. మైనస్ 200 కోట్లలోంచి 100 కోట్లు తీసేస్తే ఇంట్ పరిధి దాటిపోయి జవాబు ప్లస్‌లోకి వస్తుంది, చిన్న కీ కుడివైపుకి పోతుంది. ఇంటీజర్.కంపేర్ ఉండగా ఈ ప్రమాదం ఎందుకు?

ఇన్సర్ట్‌లో నోడ్ నల్ అయితే కొత్త నోడ్ చేసి రిటర్న్ చేయండి. కీ చిన్నదైతే ఇలా:

నోడ్.లెఫ్ట్ = ఇన్సర్ట్(నోడ్.లెఫ్ట్, కీ);

పెద్దదైతే రైట్‌కి ఇదే లైను. సమానమైతే ఏమీ చేయక్కర్లేదు. చివర్లో నోడ్‌ని రిటర్న్ చేయండి. ఎడమపక్క ఆ "నోడ్.లెఫ్ట్ =" రాయకపోతే కంపైలర్ ఏమీ అనదు, కానీ కొత్త కీ ట్రీలో చేరదు. జావాలో రిఫరెన్స్ కూడా కాపీగానే మెథడ్‌లోకి వెళ్తుంది. లోపల పరామీటర్‌కి కొత్త నోడ్ ఇస్తే ఆ కాపీయే మారుతుంది, పేరెంట్‌లోని లింకు మారదు.

ఇక డిలీట్. కీ దొరికేదాకా ఇన్సర్ట్ లాగే దిగండి. దొరికిన నోడ్‌కి లెఫ్ట్ నల్ అయితే రైట్‌ని, రైట్ నల్ అయితే లెఫ్ట్‌ని రిటర్న్ చేయండి. పిల్లలే లేని నోడ్‌కి కూడా ఇదే సరిపోతుంది, నల్ తిరిగొస్తుంది. దానికి విడిగా ఇఫ్ అక్కర్లేదు.

ఇద్దరు పిల్లలుంటేనే పని. 50, 30, 70, 20, 40, 60, 80, 65 ఇదే వరుసలో ఎక్కించి, 50ని తీసేయండి. కుడివైపు 70కి వెళ్లి, అక్కడి నుంచి ఎడమవైపు చివరిదాకా దిగితే 60 వస్తుంది. 50 తర్వాతి కీ అదే. ఆ 60ని రూట్‌లోకి కాపీ చేసి, కుడి సబ్‌ట్రీలో 60ని డిలీట్ చేయమని మళ్లీ పిలిచి, వచ్చినదాన్ని నోడ్.రైట్‌కి ఇవ్వండి. 60 ఖాళీ చేసిన చోటికి, అంటే 70కి ఎడమవైపుకి, 65 రావాలి. ఉదాహరణలో 65 పెట్టింది ఇందుకే. 60ని తీసేసి ఆ చోట నల్ పెట్టేసిన కోడ్‌లో 65 మాయమైపోతుంది. 65 లేని టెస్టులో ఈ తప్పు బయటపడదు.

సైజ్ తగ్గించే లైను ఒక చైల్డ్ లేదా అసలు పిల్లలు లేని దారిలోనే ఉండాలి. ఇద్దరు పిల్లల దారిలో కూడా రాస్తే ఒక్క డిలీట్‌కి సైజ్ రెండు తగ్గుతుంది.

1 నుంచి 10 లక్షల దాకా వరుసగా ఎక్కిస్తే ట్రీ ఒకే గొలుసులా సాగుతుంది, మామూలు సెట్టింగులతో రికర్షన్ (మెథడ్ తనని తానే పిలుచుకోవడం) మధ్యలోనే స్టాక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్‌తో ఆగుతుంది. రెండు వైపులా పూర్తి బ్యాలెన్స్‌గా ఉంటే అన్ని కీలకూ 20 లెవెల్స్ చాలు. 1962లో వచ్చిన ఏవీఎల్ ట్రీ రొటేషన్లతో, అంటే నోడ్‌ల లింకులు మార్చి పైకీ కిందకీ జరపడంతో, దాదాపు ఇలాంటి బ్యాలెన్స్‌ని కాపాడుతుంది. ఆ రొటేషన్ కూడా కొత్త సబ్‌ట్రీ రూట్‌ని రిటర్న్ చేసే మెథడే కాబట్టి పై కోడ్‌లో సులువుగా ఇముడుతుంది. ఉద్యోగంలో రాసే కోడ్‌కైతే జావాలోని ట్రీమ్యాప్ వాడండి, అది రెడ్ బ్లాక్ ట్రీ, తన బ్యాలెన్స్‌ని తానే చూసుకునే మరో రకం.

ట్రీ సరిగ్గా ఉందో లేదో చూసే మెథడ్ తప్పక రాయండి. ప్రతి నోడ్‌నీ దాని ఇద్దరు పిల్లలతో పోల్చి ఊరుకుంటే చాలదు: 50కి ఎడమవైపు 30, ఆ 30కి కుడివైపు 60 ఉన్నా ఆ పరీక్ష పాసవుతుంది. కింది హద్దు, పై హద్దు రెండూ పట్టుకుని దిగాలి. మొదట రెండూ నల్. ఎడమకి దిగితే పై హద్దు, కుడికి దిగితే కింది హద్దు ప్రస్తుత కీ అవుతుంది. ర్యాండమ్‌గా ఇన్సర్ట్‌లు, డిలీట్‌లు చేస్తూ ప్రతిసారీ ఈ మెథడ్‌ని పిలవండి. అవే కీలు ట్రీసెట్‌లో కూడా వేసి, రెండింటి సైజునూ ఇన్ఆర్డర్ వరుసనూ (చిన్న కీ నుంచి పెద్ద కీ దాకా) పోల్చండి.