స్కౌటింగ్ ఫర్ ఫుడ్: పిల్లలు బయల్దేరే ముందు

స్కౌట్ పిల్లలు ఇంటింటికీ వెళ్లి, ఆకలితో ఉన్నవాళ్ల కోసం తిండి డబ్బాలు, ప్యాకెట్లు సేకరించే కార్యక్రమమే స్కౌటింగ్ ఫర్ ఫుడ్. 1985లో సెయింట్ లూయిస్‌లో మొదలైన ఈ సేకరణకి అమెరికాలోని మన తెలుగు పిల్లలూ వెళ్తున్నారు. శనివారం పొద్దున్నే ఇవి చూసుకోండి.

- నవంబర్ చలి కదా, స్వెటర్ లోపల వేసి యూనిఫాం పైకి కనిపించనివ్వండి.
- ఒంటరిగా వద్దు, జంటగా వెళ్లాలి. ఎంత ప్రేమగా పిలిచినా గుమ్మం దాటొద్దు. పెద్దవాళ్లు వీధిలోనే కనిపిస్తూ ఉండాలి.
- సంచిని అడుగున చెయ్యి పెట్టి పట్టుకోవాలి. పోయినేడు మావాడి సంచి చిరిగి, పాస్తా సాస్ సీసా మెట్ల మీద పగిలింది. పాపం, ఏడ్చేశాడు. గాజు సీసాలు విడిగా పెట్టండి.
- డబ్బాల మీద తేదీ చూడండి. ఉబ్బినవి, కారేవి వద్దు. ఇంట్లో వండినవీ వద్దు. సీల్ తియ్యని పప్పు, బియ్యం ప్యాకెట్లు హాయిగా తీసుకోవచ్చు.
- ఏమీ ఇవ్వకపోయినా థాంక్యూ చెప్పాలి.