ఊరి నుంచి వచ్చి తలుపు తీస్తే వాసన, నీళ్లు, దోమలు: ఎక్కడ పొరపాటు జరిగింది?

తాళం వేశాక రెండుసార్లు గుంజి చూడటం ఎవరూ మర్చిపోరు. నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టేయడం మాత్రం చాలామందికి గుర్తుకే రాదు. తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ ఒక్క పని వదిలేసినవాళ్లే.

ఇల్లంతా నీళ్లు

బయల్దేరే రోజు కుళాయి తిప్పారు, నీళ్లు రాలేదు. హడావిడిలో కట్టేయకుండానే వెళ్లిపోయారు. నీళ్లు తర్వాత వచ్చాయి. లేదంటే వాషింగ్ మెషీన్‌కు వెళ్లే గొట్టం పగిలి ఉంటుంది. మెషీన్ ఆపినా, దాని కుళాయి కట్టేసేదాకా ఆ గొట్టంలో నీటి ఒత్తిడి ఉంటూనే ఉంటుంది.

మెయిన్ వాల్వ్ కట్టేసి, లోపల ఒక కుళాయి తిప్పి చూడండి. ధార సన్నబడి ఆగిపోవాలి. ఆగకపోతే వాల్వ్ అరిగినట్టే. అందుకే ఈ పరీక్ష వారం ముందే చేసుకోండి, మార్పించడానికి టైం ఉంటుంది. ఇప్పటికే నీళ్లు నిండిపోయి ఉంటే, ముందు కరెంటు మెయిన్ ఆపాలి. తడిలో నడిస్తే తప్ప మెయిన్ అందదంటే లోపల అడుగు పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

తలుపు తీయగానే మురుగు కంపు

ఇది నన్ను బాగా దెబ్బతీసింది. నెల రోజుల తర్వాత ఇంటికొస్తే కంపు గుప్పుమంది. ఫ్రిజ్ చూశాం, చెత్తబుట్ట చూశాం, ఎలుక చచ్చిందేమోనని అటక మీది సామానంతా దింపాం. రోజూ వాడే బాత్రూం శుభ్రంగా కడిగాం. వాసన తగ్గలేదు. గోడలో పైపు పగిలి ఉంటుందని ఒక ప్లంబర్ అంటే రెండు టైల్స్ కూడా తీయించాం. పైపు నిక్షేపంలా ఉంది.

చివరికి వెనక గదిలో, ఎవరూ వాడని బాత్రూంలో జాలీ ఎత్తి టార్చ్ వేశాను. అడుగు కనిపించింది, పూర్తిగా పొడి. లోపలి గోడ చుట్టూ తెల్లటి గార చారలు, ఒకదాని కింద ఒకటి, నీళ్లు మెల్లగా దిగిపోయిన గుర్తులు. రెండు మగ్గుల నీళ్లు పోసి కిటికీలు తెరిచాను. గంటలో వాసన పోయింది.

జాలీ కిందా, సింక్ కిందా ఉండే ట్రాప్‌లో, అంటే వంపు తిరిగిన పైపు భాగంలో, ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. మామూలుగా 50 మిల్లీమీటర్ల లోతు. మురుగు గాలినీ, కాలవలోంచి వచ్చే బొద్దింకలనూ ఆపే మూత ఆ నీళ్లే. కొన్ని వారాలు ఎవరూ నీళ్లు పోయకపోతే అవి ఆవిరైపోతాయి, ఎండాకాలంలో ఇంకా త్వరగా. మూసిన ఇంట్లో కంపు అన్ని గదులకూ పాకుతుంది కాబట్టి ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. కాసేపటికి ముక్కు కూడా అలవాటు పడిపోతుంది. వాడే బాత్రూంలో మొదటి స్నానంతోనే ట్రాప్ నిండిపోతుంది, వాడనిది అలాగే ఉండిపోతుంది. మనం వెతికేదేమో వాడేచోటే.

కాబట్టి దేన్నీ పగలగొట్టకముందు ఇంట్లోని ప్రతి జాలీలో టార్చ్ వేయండి. అడుగున నీళ్లు తళుక్కుమనాలి. వాషింగ్ మెషీన్ వెనకది, బాల్కనీలోది, చుట్టాలొస్తే తప్ప తెరవని బాత్రూంలోది అసలు వదలకండి. నీళ్లు పోశాక ఒక్క రాత్రిలోనే మళ్లీ ఎండిపోతే ట్రాప్ పగిలినట్టు, అప్పుడు ప్లంబర్‌ను పిలవండి. బొద్దింకలు ఎక్కువయ్యాయని మందు కొట్టించే ముందు కూడా ఇదే చూడండి.

మళ్లీ ఊరెళ్లేటప్పుడు ప్రతి ట్రాప్‌లో ఒక మగ్గు నీళ్లు పోసి, పైన రెండు మూడు చెంచాల వంటనూనె వేయండి. నూనె తెట్టులా తేలి నీళ్లను ఆవిరి కానివ్వదు. జాలీ మీద ప్లాస్టిక్ కవర్ పరిచి బరువు పెట్టండి, కమోడ్ మూత వేయండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే మురుగు గాలిని అదే లోపలికి లాగుతుంది.

ఫ్రిజ్‌లోవి బాగానే కనిపిస్తున్నాయి, తింటే కడుపు పాడైంది

కరెంటు చాలాసేపు పోయి వచ్చింది. కరిగినవి మళ్లీ గడ్డకట్టాయి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ 4 గంటల వరకు, నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటల వరకు చల్లదనం నిలుపుతాయి. వెళ్లేముందు ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. వచ్చేసరికి నాణెం మంచులోకి దిగిపోయి ఉంటే మొహమాటపడకుండా అన్నీ పారేయండి. ఫ్రిజ్ ఆపేసి వెళ్లేటట్టయితే ఖాళీ చేసి, తుడిచి, తలుపు కాస్త తెరిచి ఉంచండి. మూస్తే బూజు పడుతుంది.

ఇంట్లో దోమలు

గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. బకెట్లు బోర్లించండి, కుండీల కింది పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే ఖాళీ చేయండి.

తాళం పగిలి ఉంది

లోపలికి వెళ్లకండి, ఏదీ ముట్టుకోకండి, పోలీసులకు ఫోన్ చేయండి. గుమ్మంలో పేరుకున్న పేపర్లు, పగలు కూడా వెలుగుతున్న బల్బు, ఊళ్లోంచే పెట్టిన ఫొటోలు... ఇంట్లో ఎవరూ లేరని వీటిని చూస్తేనే తెలిసిపోతుంది. పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పండి, లైటుకు టైమర్ పెట్టండి, ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి. ముందు తలుపుకి రెండు తాళాలు వేసి బాల్కనీ తలుపు గడియ మరిచేవాళ్లను చాలామందిని చూశాను.

ఎలుక చావడం, గోడలో పైపు పగలడం ఎప్పుడో గానీ జరగవు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.