పెద్ద పంపు కొనే ముందు అడుగున కాలువ కట్టండి

రిమోట్‌తో నడిపే నమూనా యుద్ధనౌకల పోరులో ఫిరంగులు నిజంగానే పేలతాయి. అమెరికాలో ఎక్కువగా కట్టేది 1:144 స్కేలు, అంటే అసలు నౌక పొడవులో 144వ వంతు. 251 మీటర్ల జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ అందులో సుమారు 1.74 మీటర్లు వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడితో వచ్చే చిన్న లోహపు గుండు నౌక పక్కలకు వేసిన పల్చటి, తేలికైన బాల్సా చెక్కకు చిల్లు పెట్టేస్తుంది, నీళ్లు లోపలికొస్తాయి.

కొత్తవాళ్లు వెంటనే ఆ నీళ్లు బయటికి తోడే పెద్ద పంపు కోసం వెతుకుతారు. తప్పు అక్కడే. అడుగు చదునుగా ఉంటే నీళ్లు పళ్లెంలో చారులా అటూ ఇటూ పారతాయి. నౌక మలుపు తిరగ్గానే అన్నీ ఒక పక్కకు చేరి దాన్ని బోర్లా పడేస్తాయి, పంపేమో గాలి పీలుస్తూ ఉంటుంది!

అందుకని అడుగున రెండు పక్కలా నీరు పీల్చని ఫోమ్ ముక్కలు అతికించి, మధ్యలో రెండు వేళ్ల వెడల్పు కాలువ వదలండి. పంపు ఆ కాలువలో అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోట కూర్చోవాలి. బ్యాటరీ దానికి అడ్డం రాకూడదు. పంపు నోటికి ముతక జాలీ కట్టండి, లేదంటే బాల్సా పేళ్లు ఇరుక్కుని ఆగిపోతుంది. చెరువుకు తీసుకెళ్లేలోపు ఇంట్లో తొట్టిలో తేల్చి, లోపల రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి. పంపు ఆగేసరికి అడుగున ఎక్కడ నీరు మిగిలిందో, అక్కడ ఇంకో ఫోమ్ ముక్క పడాలి.